అడ్మిన్ రైట్స్ లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టు నడపడం తప్పా?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆవిడ ఒక కంపెనీలో రిపోర్టులు తయారుచేసే టీమ్‌లో ఉన్నారు. రోజూ పొద్దున షేర్డ్ ఫోల్డర్‌లోకి సుమారు 200 సీఎస్‌వీ ఫైళ్ళు (కామాలతో విడగొట్టిన పట్టికలు) వచ్చి పడతాయి. ఒక్కోదాని పేరు ఒక్కో తీరు, తేదీలు కొన్నింట్లో రోజు ముందు, కొన్నింట్లో నెల ముందు. అన్నీ తెరిచి, పేర్లు మార్చి, తేదీలు సరిచేసి, ఒకే షీట్‌లోకి చేర్చేసరికి మధ్యాహ్నమవుతుంది, అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఇంట్లో సొంత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, అందులో కమాండ్లు రాసి పనులు చేయించే బ్యాష్‌ని తనంతట తానే నేర్చుకున్నారు, ఇదే పనికి 40 లైన్ల స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల ఫైల్) రాసుకున్నారు, అక్కడ క్షణాల్లో అయిపోతోందట. నమూనా కోసం ఆఫీసు ఫైళ్ళు రెండు తన సొంత మెయిల్‌కి పంపుకున్నానని మధ్యలో ఒక్క వాక్యంలో రాశారు.

ఆఫీసు ల్యాప్‌టాప్ విండోస్‌ది. విండోస్‌లోనే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుందామని చూస్తే అడ్మిన్ (కంప్యూటర్‌ని మార్చే పూర్తి హక్కులున్న ఖాతా) పాస్‌వర్డ్ అడిగింది. బ్యాష్ లాగే విండోస్‌లో ఉండే పవర్‌షెల్‌లో చిన్న స్క్రిప్టు రాసి నడిపితే, ఈ కంప్యూటర్‌లో స్క్రిప్టులు నడపడం నిలిపివేసి ఉందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. లినక్స్ కావాలి, అడ్మిన్ హక్కులు ఇవ్వండి అని ఐటీ వాళ్ళకి టికెట్ పెడితే, అవసరం స్పష్టంగా లేదని కొన్ని వారాల తర్వాత మూసేశారు. పక్క సీటు సహోద్యోగి ఒక పెన్‌డ్రైవ్‌లో పోర్టబుల్ గిట్ బ్యాష్ (ఇన్‌స్టాల్ చేయకుండానే విండోస్‌లో బ్యాష్ నడిపే ప్రోగ్రాం) తెచ్చిచ్చి, ఇదివరకు ఐటీ సపోర్ట్‌లో చేసిన ఒకాయన అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోందని చెవిలో చెప్పారు. మేనేజర్ని అడిగితే, "ఎలాగోలా కానివ్వండి, నాకు మాత్రం చెప్పొద్దు" అన్నారు. "పని త్వరగా చేసుకోవాలనుకోవడం తప్ప నేనేం అడగట్లేదు కదండీ, మరి దొంగతనం చేస్తున్నట్టు ఎందుకింత టెన్షన్? పెన్‌డ్రైవ్ వాడనా, వద్దా? దొరికితే ఉద్యోగం పోతుందా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

జవాబు:

మీ టెన్షన్ నాకు అర్థమైంది. అది పిరికితనం కాదు, మీ మీద చాలా వైపుల నుంచి వేర్వేరు విషయాలు ఒకేసారి వచ్చి పడ్డాయి, అవన్నీ కలిసిపోయి "నాకు స్క్రిప్టులు నిషేధం" అన్నట్టు కనిపిస్తున్నాయి. నిజానికి ఇప్పటివరకు ఎవరూ మీకు ఆ మాట చెప్పలేదు. డబ్ల్యూఎస్‌ఎల్ దగ్గర పాస్‌వర్డ్ అడగడానికి కారణం ఏమిటంటే, అది నడవాలంటే విండోస్‌లో ఒక ఫీచర్ ఆన్ చేయాలి, అది మొత్తం యంత్రానికి సంబంధించిన మార్పు కాబట్టి అడ్మిన్ తప్పనిసరి. ఎవరి కంప్యూటర్‌లోనైనా అంతే. పవర్‌షెల్‌లో వచ్చిన ఎర్ర అక్షరాలు కూడా మీ కంపెనీ పెట్టిన అడ్డు అయి ఉండకపోవచ్చు. మామూలు విండోస్ కంప్యూటర్లలో స్క్రిప్టు ఫైళ్ళు నడవకుండా మైక్రోసాఫ్ట్ వాళ్ళే మొదటి నుంచీ ఆపి పంపిస్తారు, కొత్తగా కొన్న కంప్యూటర్‌లోనూ అదే ఎర్రర్ వస్తుంది. ఇక టికెట్ సంగతి. మీరు అడిగింది లినక్స్, అడ్మిన్ హక్కులు. వాళ్ళు కాదన్నదీ ఆ రెండే. ఫైళ్ళు కలపడానికి స్క్రిప్టు రాసుకోవచ్చా అని మీరు అడగనేలేదు.

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటే: అడ్మిన్ హక్కులు లేకపోవడం వేరు, అనుమతి లేకపోవడం వేరు. అడ్మిన్ హక్కులు లేకుండా చేయగలిగేవి చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి కూడా అనుమతి కావాలి. హక్కులు లేవని మొత్తం వదులుకోవడం ఎంత పొరపాటో, హక్కులు అవసరం లేని దారి దొరికింది కదా అని అడక్కుండా దూరిపోవడం కూడా అంతే.

ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పటికే ఏముందో చూడండి. విండోస్ 10 అయినా 11 అయినా విండోస్ పవర్‌షెల్ 5.1 దానితోపాటే వస్తుంది, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. అది తెరిచి, స్క్రిప్టులు నడవొచ్చా లేదా అన్న సెట్టింగ్‌ని చూపించే గెట్ ఎగ్జిక్యూషన్ పాలసీ కమాండ్ చివర లిస్ట్ అనే ఆప్షన్ తగిలించి కొట్టండి (ఆ మూడు మాటల్లో మొదటిదాని తర్వాత హైఫన్ ఉంటుంది, మిగతా రెండూ కలిపి రాయాలి). ఐదు వరుసలు వస్తాయి. పైన మెషీన్ పాలసీ, యూజర్ పాలసీ, కింద ప్రాసెస్, కరెంట్ యూజర్, లోకల్ మెషీన్. మీరు చూడాల్సింది పై రెండూ. అవి మీ కంపెనీ గ్రూప్ పాలసీ ద్వారా, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకేచోటి నుంచి పంపే సెట్టింగుల ద్వారా, పెట్టేవి. ఆ రెండింటి ఎదురుగా అన్‌డిఫైన్డ్ అని ఉంటే మీ కంపెనీ ఆ దారిలో ఈ విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోలేదని అర్థం. అప్పుడు కరెంట్ యూజర్ స్కోప్‌కి రిమోట్ సైన్డ్ అని పెట్టుకోవచ్చు, దానికి అడ్మిన్ అక్కర్లేదు, ఆ మార్పు మీ లాగిన్‌కే పరిమితం. మీరు రాసుకున్న స్క్రిప్టులు నడుస్తాయి, నెట్ నుంచి దించినవి మాత్రం రాసినవాళ్ళ డిజిటల్ సంతకం లేకపోతే ఆగుతాయి. స్క్రిప్టుని షేర్డ్ ఫోల్డర్‌లో కాకుండా మీ సొంత ఫోల్డర్‌లో పెట్టుకోండి, నెట్‌వర్క్ దారిలో ఉన్న ఫైల్‌ని కూడా ఒక్కోసారి బయటిదానిగానే లెక్కేస్తుంది.

పై రెండు వరుసల్లో రిస్ట్రిక్టెడ్ (ఏ స్క్రిప్టూ నడవదు) అనో ఆల్ సైన్డ్ (సంతకమున్నవే నడుస్తాయి) అనో కనిపిస్తే కథ మారిపోతుంది. అది ఎవరో ఆలోచించి పెట్టిన అడ్డు, మీరు కింద ఏం మార్చినా అదే చెల్లుతుంది. దాన్ని దాటే చిట్కాలు నెట్‌లో బోలెడు కనిపిస్తాయి, వాటిలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి కూడా, ఎందుకంటే ఎగ్జిక్యూషన్ పాలసీ అసలు భద్రత కోసం కట్టిన గోడ కాదని మైక్రోసాఫ్టే చెబుతుంది, పొరపాటున స్క్రిప్టు నడవకుండా ఆపడానికే అది. అయినా వాటి జోలికి వెళ్ళకండి. బైపాస్ అని తగిలించి నడిపినవీ, ఎన్‌కోడ్ చేసి పంపిన కమాండ్లూ దాడి చేసేవాళ్ళు తరచూ వాడే పద్ధతులు, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు మొట్టమొదట పసిగట్టేది కూడా వాటినే. నడిపిన కోడ్‌ని రాసిపెట్టే స్క్రిప్ట్ బ్లాక్ లాగింగ్ ఆన్ చేసిన చోట మీరు నడిపిన ప్రతి లైనూ 4104 నంబరు ఈవెంట్‌గా రికార్డవుతుంది. సీఎస్‌వీలు కలపడానికి నడిపినా అక్కడ కూర్చుని చూసేవాళ్ళకి అది దాడిలాగే కనిపిస్తుంది.

ఇంకొకటి కూడా చూడాలి. కొన్ని కంపెనీలు యాప్ లాకర్ లాంటి వాటితో ఏ ప్రోగ్రాములు నడవాలో కట్టడి చేస్తాయి. అలాంటి చోట పవర్‌షెల్ తెరుచుకుంటుంది గానీ కన్‌స్ట్రెయిన్డ్ లాంగ్వేజ్ అనే పరిమిత పద్ధతిలో నడుస్తుంది. మామూలు కమాండ్లు పనిచేస్తాయి, లోతైన డాట్‌నెట్ (పవర్‌షెల్ కింద ఉండే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ పునాది) పనులు ఆగిపోతాయి. మీ పనికి అది చాలావరకు అడ్డు రాదు, కానీ ఆ పరిస్థితి కనిపిస్తే ఇక్కడ నియమాలు కచ్చితంగా అమల్లో ఉన్నాయని అర్థం చేసుకుని, అడిగాకే ముందుకెళ్ళండి.

"నాకు వచ్చింది బ్యాష్ కదా, మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకోవాలా?" అని మీరు నిట్టూరుస్తారని తెలుసు. అయినా మీ పనికి పవర్‌షెల్ నిజంగా మెరుగని నా అభిప్రాయం, దానికి కారణం ఉంది. బ్యాష్‌లో మీరు ఆక్ కమాండ్‌తోనో కట్ కమాండ్‌తోనో కామా దగ్గర విడగొడుతూ ఉండి ఉంటారు. ఏదో ఒక ఫైల్‌లో కోట్స్ మధ్య కామా ఉన్న చిరునామా వచ్చిందంటే ఆ వరుసలో కాలమ్‌లన్నీ పక్కకి జరిగిపోతాయి, ఎర్రర్ కూడా రాదు, తప్పు లెక్క రిపోర్టులోకి వెళ్ళిపోతుంది. పవర్‌షెల్‌లో ఇంపోర్ట్ సీఎస్‌వీ కమాండ్ కోట్స్‌ని సరిగ్గా అర్థం చేసుకుని ప్రతి కాలమ్‌నీ దాని పేరుతో మీ చేతికిస్తుంది. మీ 40 లైన్లు ఇంకా తగ్గొచ్చు కూడా.

కొన్ని జాగ్రత్తలు ముందే చెప్తాను, ఇవి తెలియక చాలామంది విసిగిపోయి వదిలేస్తారు. 5.1లో ఎక్స్‌పోర్ట్ సీఎస్‌వీ మామూలుగా ఆస్కీలో రాస్తుంది, అంటే ఇంగ్లీషు కాని అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అందుకని ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 (అన్ని భాషల అక్షరాలనీ రాయగల పద్ధతి) అని చెప్పాలి. నో టైప్ ఇన్ఫర్మేషన్ అని కూడా చెప్పాలి, లేకపోతే ఫైల్ మొదట్లో ఒక అనవసరమైన వరుస చేరుతుంది. తేదీల విషయంలో ఇంకా జాగ్రత్త: 03/04 అని ఉన్నదాన్ని నేరుగా డేట్‌టైమ్‌గా మారిస్తే మీ కంప్యూటర్ సెట్టింగ్ ఏదైనా సరే నెలే ముందనుకుంటుంది, కాబట్టి పార్స్ ఎగ్జాక్ట్ వాడి ఏ ఫైళ్ళలో ఏ పద్ధతి ఉందో మీరే చెప్పండి. పేర్లు మార్చే కమాండ్‌కి మొదట వాట్ ఇఫ్ తగిలించి నడపండి, ఏం చేయబోతోందో చూపిస్తుంది, ఏమీ మార్చదు. అదీ అసలు ఫైళ్ళ మీద వద్దు, మీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని చేయండి. షేర్డ్ ఫోల్డర్‌లో పేర్లు మార్చేస్తే ఆ పేర్లనే నమ్ముకున్న ఇంకో టీమ్ పని ఆగిపోవచ్చు.

అసలు స్క్రిప్టే లేకుండా కూడా ఒక దారి ఉంది. ఎక్సెల్ 2016 నుంచీ డేటా ట్యాబ్‌లో పవర్ క్వెరీ దానితోపాటే ఉంటుంది. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులోని ఫైళ్ళన్నీ కలిపి ఒకే పట్టికగా ఇస్తుంది, తేదీ ఏ పద్ధతిలో ఉందో కూడా చెప్పొచ్చు, మర్నాడు రిఫ్రెష్ నొక్కితే చాలు. ఫైళ్ళ పేర్లు మార్చదు, కానీ అన్నీ ఒకే షీట్‌లోకి వస్తున్నప్పుడు పేర్లు మార్చడం నిజంగా అవసరమా అన్నది ఒకసారి ఆలోచించండి. స్క్రిప్టు రాసే ఆనందం దీంట్లో ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆఫీసులో ఎవరూ దీన్ని అనుమానంగా చూడరు, మీరు సెలవు పెట్టిన రోజు పక్కవాళ్ళు కూడా నడపగలరు.

ఇప్పుడు గిట్ బ్యాష్. అది చెడ్డదని నేను అనను. బ్యాష్, దానితో వాడే సెడ్, ఆక్, గ్రెప్ కమాండ్లు అన్నీ దాంట్లో ఉంటాయి, అడ్మిన్ లేకుండా మీ యూజర్ ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు, మీ స్క్రిప్టు చాలావరకు అలాగే నడుస్తుంది. విండోస్ ఫైళ్ళలో లైను చివర ఉండే అదనపు అక్షరం వల్ల మొదట్లో వింత ఎర్రర్లు వస్తాయి, సీ డ్రైవ్‌ని స్లాష్ సీ అని రాయాలి. వేగం కూడా ఇంట్లో చూసినంత ఉండదు, ఎందుకంటే కొత్త ప్రాసెస్ పుట్టించడం విండోస్‌లో బరువైన పని, 200 ఫైళ్ళకి లూపులో పదే పదే సెడ్‌ని పిలిస్తే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇవన్నీ సర్దుకోగలిగినవే. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. అలా పెట్టుకున్న పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ కాదు, అది అక్కడ ఉందని ఐటీ వాళ్ళకి తెలియదు, రేపు దాంట్లో భద్రతా లోపం బయటపడితే సరిచేసేవాళ్ళు ఉండరు. అందుకే వాళ్ళు భయపడతారు, ఆ భయంలో న్యాయముంది. యాప్ లాకర్ మామూలు నియమాలతో ఉన్న చోట విండోస్ ఫోల్డర్‌లోనూ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనూ ఉన్నవే నడుస్తాయి కాబట్టి మీ ఫోల్డర్‌లోది తెరుచుకోదు కూడా. మీ కంపెనీ సాఫ్ట్‌వేర్ జాబితాలో గిట్ ఉందేమో చూడండి. ప్రోగ్రామర్లు ఉన్న కంపెనీల్లో చాలాచోట్ల ఉంటుంది, అక్కడి నుంచి తీసుకుంటే ఈ బాధలేవీ లేవు. పవర్‌షెల్ 7 కూడా ఇంతే, జిప్ విప్పుకుంటే అడ్మిన్ లేకుండా 5.1 పక్కనే నడుస్తుంది, ఎన్‌కోడింగ్ తలనొప్పి తగ్గుతుంది, కానీ అది కూడా బయటి నుంచి తెచ్చేదే కాబట్టి అడగాల్సిందే.

మీ సహోద్యోగి ఇచ్చిన పెన్‌డ్రైవ్ మాత్రం వాడకండి. అందులో ఉన్నది ఎక్కడి నుంచి దించారో, ఎప్పటిదో, ఇంకేం కలిసి ఉందో మీకు తెలియదు. చాలా కంపెనీల్లో పెన్‌డ్రైవ్ పెట్టడమే నియమాల ఉల్లంఘన, పెట్టిన క్షణమే రికార్డవుతుంది. థ్యాంక్స్ చెప్పి తిరిగిచ్చేయండి.

ఆ పాస్‌వర్డ్ విషయంలో నేను మీకు ఆప్షన్లు ఇవ్వను. దాంతో ఒక్కసారి లోపలికి వెళ్ళినా అది ఇంకొకరి పేరుతో చొరబడటమే, కారణం ఎంత మంచిదైనా ఆ మాట మారదు. మీరు భయపడుతున్నట్టు ఉద్యోగం పోయే ప్రమాదం నిజంగా ఉన్నది ఇక్కడే. దాన్ని ఏం చేయాలన్నదానికి మాత్రం దారులున్నాయి. ఆ సహోద్యోగితోనే, "ఇది ఇంకా పనిచేస్తోందని మీరే ఐటీకి చెప్పండి" అనొచ్చు. వాళ్ళకి గౌరవంగా బయటపడే వీలిచ్చినట్టవుతుంది, కానీ చెప్పకుండా ఊరుకోవచ్చు కూడా. మీరే ఐటీకి చెబితే ఎలా తెలిసిందని అడుగుతారు, మీ స్నేహం కొంత దెబ్బతింటుంది. మీరూ ఊరుకుంటే, తర్వాత ఎప్పుడైనా ఎవరైనా దాన్ని దుర్వినియోగం చేసినప్పుడు, తెలిసీ చెప్పనివాళ్ళలో మీరు కూడా ఉంటారు. నేనైతే ముందు సహోద్యోగికి చెప్పి, ఒకట్రెండు రోజుల్లో కదలిక లేకపోతే నేనే చెప్తాను.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ రెండు ఫైళ్ళ సంగతే నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళనగా ఉంది. షెల్ (బ్యాష్, పవర్‌షెల్ లాంటిది) ఏది పెట్టుకున్నారన్నదానికంటే, కంపెనీ డేటా మీ సొంత మెయిల్‌లో ఉండటం పెద్ద విషయం, అందులో ఖాతాదారుల పేర్లూ చిరునామాలూ ఉంటే మరీను. గుట్టుగా డిలీట్ చేసేయాలనిపిస్తుంది, ఆగండి. పంపిన మెయిల్ రికార్డు ఆఫీసు వైపు ఎలాగూ ఉంటుంది, తర్వాత బయటపడినప్పుడు ఆ తుడిచేయడమే దాచినట్టు కనిపిస్తుంది. ఫలానా రోజు, ఫలానా రెండు ఫైళ్ళు, ఈ పని కోసం పంపుకున్నాను, తొలగించమంటారా అని మేనేజర్‌కి రాయండి. మందలింపు రావచ్చు, కాదనను. మీరే ముందు చెప్పిన పొరపాటుకీ వాళ్ళు పట్టుకున్న పొరపాటుకీ ఆఫీసుల్లో చాలా తేడా ఉంటుంది. ఇకనుంచి నమూనా కావాలంటే మీరే ఉత్తుత్తి పేర్లతో నాలుగు వరుసల ఫైల్ తయారుచేసుకోండి, స్క్రిప్టు పరీక్షించడానికి అది చాలు.

మేనేజర్ అన్న మాట దగ్గరికి వస్తాను. "ఎలాగోలా కానివ్వండి, నాకు చెప్పొద్దు" అంటే, ఫలితం ఆయనకి, బాధ్యత మీకు అని అర్థం. ఆయన చెడ్డవారని నేను అనట్లేదు, ఆయనకీ ఐటీ అంటే భయం ఉండొచ్చు. కానీ ఆ ఏర్పాటుకి మీరు ఒప్పుకోకండి. చిన్న మెయిల్ పెట్టండి: రోజూ ఇన్ని గంటలు ఈ పనికి పడుతున్నాయి, కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న పవర్‌షెల్‌తో చేయాలనుకుంటున్నాను, కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టను, అసలు ఫైళ్ళని మార్చను, ఐటీని కూడా అడుగుతున్నాను, మీకు అభ్యంతరముంటే చెప్పండి. ఆయన సరే అంటే మీకు ధైర్యం. వద్దంటే కనీసం ఎక్కడున్నారో తెలుస్తుంది. జవాబే రాకపోతే అది అనుమతి అయిపోదు, కానీ మీరు చాటుగా చేయలేదన్నది కాగితం మీద ఉంటుంది.

ఐటీకి రెండో టికెట్ పెట్టండి, ఈసారి లినక్స్ అనే మాటే వద్దు, అడ్మిన్ అనే మాట వద్దు. మీ పని చెప్పండి, ఫైళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి వెళ్తాయో, రోజుకి ఎంతసేపు పోతోందో రాయండి. పవర్‌షెల్ చూపించిన పై రెండు వరుసల్లో ఏం కనిపించిందో రాయండి, అది చూస్తే మీరు తెలిసి అడుగుతున్నారని వాళ్ళకి అర్థమవుతుంది. నా లాగిన్‌కి మాత్రమే రిమోట్ సైన్డ్ పెట్టుకోవచ్చా, కావాలంటే స్క్రిప్టు మీరే చదివి చూడండి అని అడగండి. ఇలాంటి టికెట్‌కి అవుననడం వాళ్ళకి తేలిక, ఎందుకంటే వాళ్ళు ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఎవరికీ హక్కులు ఇవ్వక్కర్లేదు. బ్యాషే కావాలని మీకు బలంగా ఉంటే, ఈ స్క్రిప్టు కొన్నాళ్ళు సాఫీగా నడిచాక డబ్ల్యూఎస్‌ఎల్ అడగండి. ఆ ఫీచర్ వాళ్ళు ఒక్కసారి ఆన్ చేసిపెడితే తర్వాత డిస్ట్రిబ్యూషన్ (అందులో నడిచే లినక్స్) పెట్టుకోవడానికి అడ్మిన్ అక్కర్లేదని చెప్పండి, అప్పటికి మీ మాటకి కొంత విలువ వచ్చి ఉంటుంది.

రెండోసారి కూడా కాదంటే కారణం రాతపూర్వకంగా అడిగి, పవర్ క్వెరీతో ఎంతవరకు అవుతుందో అంతవరకు చేసుకోండి, మిగిలిన గంటల లెక్క వారానికోసారి మేనేజర్‌కి పంపండి. ఆ గంటలు పోనివ్వాలా, ఐటీ పెద్దలతో మాట్లాడి తేల్చుకోవాలా అన్నది అప్పుడు ఆయన నిర్ణయించుకోవాల్సిన విషయం, మీరు చాటుగా మోయాల్సింది కాదు.